వానలు వెనుదిరిగాక మొదటి ఆట

హైదరాబాద్‌లో గోల్ఫ్ సీజన్‌కు ముహూర్తం పెట్టేది నైరుతి రుతుపవనాలే. జూన్ రెండో వారం ప్రాంతంలో నగరానికి చేరిన వానలు మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా వెనక్కి మళ్లుతాయి. ఆ నాలుగు నెలలూ ఆట పూర్తిగా ఆగిపోదు. తెరిపి ఇచ్చిన పూటల్లో తొమ్మిది హోల్స్ ఆడేసి వచ్చేవాళ్లు ఉంటారు, ఉరుము వినబడితే మధ్యలోనే కర్రలు సర్దేసేవాళ్లూ ఉంటారు. నలుగురు మిత్రులు ముందుగా మాట్లాడుకుని, ఒక ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరి, పద్దెనిమిది హోల్స్ తీరిగ్గా నడిచి ఆడటం మాత్రం దసరా దాటాకే కుదురుతుంది. నగరానికి తూర్పు వైపున్న సైదాబాద్ నుంచి వెళ్లే నలుగురికి అలా కుదిరిన మొదటి ఆటే ఇక్కడి విషయం.

చలిదేశాల్లో సీజన్ మొదలంటే మంచు కరిగిన ఏప్రిల్. అప్పుడు గడ్డి పలచగా, అప్పుడే నిద్రలేస్తున్నట్టు ఉంటుంది. నేల ఇంకా చల్లగా ఉంటుంది. దక్కన్‌లో ఇది పూర్తిగా తలకిందులు. నాలుగు నెలలు నీళ్లు తాగిన బెర్ముడా గడ్డి ఏడాది మొత్తంలో అత్యంత ఒత్తుగా ఉన్నప్పుడు ఇక్కడ ఆట మొదలవుతుంది. అందుకే సీజన్ మొదటి ఆట గురించి విదేశీ పుస్తకాలు ఇచ్చే సలహాల్లో చాలావాటికి ఇక్కడ చోటు లేదు.

అక్టోబర్‌ను పూర్తిగా నమ్మడానికీ లేదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. సరూర్‌నగర్ చెరువు పొంగి దిగువ కాలనీలు మునిగాయి. సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కుటుంబాలకు ఆ రాత్రి ఇంకా మరుపు రాలేదు. ఆకాశం రెండు రోజులు తేటగా ఉన్నంత మాత్రాన వానలు పోయాయని ఈ వైపు వాళ్లు అనకపోవడానికి అదొక కారణం. మొదటి ఆటకు తేదీ అనుకున్నాక కూడా ఆ తెల్లవారుజామున లేచి ముందు ఆకాశం చూస్తారు.

సైదాబాద్‌కు గోల్ఫ్ దూరపు ఆట. నగరంలో పేరున్న కోర్సులు పడమరలోనో ఉత్తరంలోనో ఉన్నాయి. గోల్కొండ నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలి వైపు బండరాళ్ల నడుమ పీటర్ హారడైన్ రూపకల్పన చేసిన బౌల్డర్ హిల్స్, బొల్లారం వైపు సైన్యం కోర్సు. మూసీకి ఈవలి గట్టున, తూర్పు కాలనీల్లో అంత ఖాళీ నేల లేదు. పద్దెనిమిది హోల్స్‌కు నూరు ఎకరాలకు పైగా కావాలి. ఐ.ఎస్. సదన్ నుంచి చంపాపేట దాకా ఇల్లుకు ఇల్లు ఆనుకుని ఉన్న వీధుల్లో పిల్లలకు క్రికెట్‌కే చోటు చాలదు. కాబట్టి ఈ వైపు గోల్ఫ్ ఆడేవాళ్లకు ఆటలో ప్రయాణం ఒక భాగం. మలక్‌పేటలో గానీ మూసారాంబాగ్‌లో గానీ మెట్రో ఎక్కుదామంటే మొదటి రైలు బయలుదేరే వేళకే మొదటి బంతి కొట్టవలసిన టీ సమయం దగ్గర పడుతుంది. పైగా పద్నాలుగు కర్రల సంచీ రైల్లో మోసుకెళ్లే సామాను కాదు. అందుకని ఒకే కారులో నలుగురూ సర్దుకుని, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి, నాంపల్లి, మెహదీపట్నం, టోలిచౌకీ మీదుగా గోల్కొండ చేరతారు. దారిపొడవునా మాట్లాడుకునేది పోయిన సీజన్ సంగతులే. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరు ఏ డ్రైవర్ కర్ర కొన్నారు, ఎవరు వేసవి తర్వాత కర్ర ముట్టలేదు వంటివి. మొదటి షాట్ కొట్టక ముందే అందరి పరిస్థితీ అందరికీ తెలిసిపోయేది ఆ కారులోనే.

నయా ఖిల్లా మామూలు చోటు కాదు. మొఘలుల దాడి తర్వాత 1656 ప్రాంతంలో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో కోటకు చేర్చిన అదనపు ప్రాకారం ఇది. బురుజులు, పాత మసీదులు, తవ్వకాల్లో బయటపడిన కుతుబ్ షాహీల ఉద్యానవనపు ఆనవాళ్లు అన్నీ ఈ ఆవరణలోనే ఉన్నాయి. హతియన్ కా ఝాడ్ అని పిలిచే బావోబాబ్ చెట్టు కూడా ఇక్కడిదే. ఆఫ్రికా జాతి చెట్టు, మొదలు చుట్టుకొలత 27 మీటర్ల పైనే. ఎండాకాలంలో మోడులా నిలబడే ఆ చెట్టు వానలు వెళ్లే వేళకు నిండుగా ఆకులతో ఉంటుంది. మొదటి ఆటకు వచ్చినవాళ్లు దాన్ని చూసే అదృష్టవంతులు. అయితే ఈ నేలపై గోల్ఫ్ కోర్సు రావడాన్ని భూములున్న రైతులు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్లు వ్యతిరేకించారు. ఆ చెట్టునూ మసీదులనూ చూడటానికి మామూలు జనానికి ఇప్పటికీ స్వేచ్ఛగా దారి లేదు. గోల్ఫ్‌ను నిజంగా ఇష్టపడేవాళ్లే ఈ సంగతిని ముందు మాట్లాడాలి. ఆటకు పొద్దున పూట నాలుగైదు గంటలు చాలు. ఆ చెట్టు దగ్గరికి వెళ్లే దారి ఊరందరిదీ కావాలి.

వాన తర్వాతి నేల బంతితో ఏం చేస్తుందన్నది మొదటి ఆటలో తెలుసుకోవలసిన అసలు పాఠం. ఎండిన ఫిబ్రవరిలో, పొట్టిగా కోసిన ఫెయిర్‌వే బాట మీద, డ్రైవర్‌తో కొట్టిన బంతి కిందపడ్డాక ఇంకా చాలా దూరం దొర్లుతుంది. అక్టోబర్‌లో ఆ దొర్లుడు ఉండదు. బంతి పడినచోటే ఆగుతుంది, ఒక్కోసారి తాను చేసుకున్న గుంటలోనే కూరుకుపోతుంది. అంటే గాలిలో ఎంత దూరం వెళ్తే అంతే. పోయిన సీజన్‌లో ఏడో నంబరు ఐరన్‌తో హోల్ ఉండే గ్రీన్ చేరినచోట ఈసారి ఇంకా దూరం కొట్టే ఆరు తీయాలి, కొన్నిచోట్ల ఐదు. కర్రల సంచీ మోస్తూ సలహా ఇచ్చే కేడీ ఆ మాట చెప్పినప్పుడు చాలామందికి నచ్చదు. తమ బలం తగ్గిందన్నట్టు వినిపిస్తుంది. తగ్గింది నేల పరుగే గాని బలం కాదు.

తడి ఇంకో పని కూడా చేస్తుంది. కర్ర ముఖం మీద ఉండే సన్నని గీతలు బంతిని పట్టుకుని వెనక్కి తిప్పుతాయి. ఆ తిరుగుడు వల్లే బంతి గ్రీన్ మీద ఆగుతుంది. కర్రకూ బంతికీ మధ్య తడి గడ్డి నలిగితే పట్టు జారుతుంది, తిరుగుడు తగ్గుతుంది. అప్పుడు బంతి అనుకున్నదానికంటే ముందుకు దూసుకుపోయి గ్రీన్ వెనక పడుతుంది. ఒకే పొద్దున, ఒకే చేతి నుంచి ఒక షాట్ పొట్టిగా, మరొకటి పొడుగ్గా పోవడానికి కారణం ఇదే. బంతికి ఒకవైపు బురద అంటుకుంటే అది రెండో వైపుకు వంగుతుందని ఆటగాళ్ల అనుభవం. గ్రీన్‌ల సంగతి వేరు. వానల్లో గడ్డిని బాగా పొట్టిగా కోస్తే అది దెబ్బతింటుంది, బరువైన యంత్రాలు దింపితే నేలలో చాళ్లు పడతాయి. అందుకని సీజన్ మొదట్లో గ్రీన్ మీద గడ్డిని కొంచెం ఎత్తుగానే ఉంచుతారు. హోల్ వైపు దొర్లించే పట్ నెమ్మదిగా వెళ్తుంది. మొదటి ఐదారు గ్రీన్‌లలో దాదాపు ప్రతి పట్ హోల్‌కు చేరకుండానే ఆగిపోతుంది.

నిబంధనలు ఈ కష్టాన్ని గుర్తించాయి. 2019లో మారిన రూల్స్ ప్రకారం బంతి తన దెబ్బకు నేలలో కూరుకుపోతే, ఇసుక గుంట (బంకర్) వంటి కొన్ని చోట్లు తప్ప, పెనాల్టీ లేకుండా తీసి పక్కన మోకాలి ఎత్తు నుంచి వదలవచ్చు. తాత్కాలికంగా నిలిచిన నీళ్ల నుంచి కూడా అలాగే ఊరట ఉంటుంది. ఫెయిర్‌వే పక్కనుండే ఎత్తు గడ్డిలో, అంటే రఫ్‌లో, పోయిన బంతిని వెతకడానికి ఇచ్చే సమయాన్ని మాత్రం ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గించారు. ఒత్తైన అక్టోబర్ గడ్డిలో మూడు నిమిషాలు ఎంత చిన్నవో అక్కడ వెతికినవాళ్లకే తెలుసు. నలుగురూ నాలుగు దిక్కుల నుంచి గడ్డిని కాళ్లతో తోస్తూ వెతకడం మొదటి ఆటలో చాలాసార్లు జరుగుతుంది. ఎవరి బంతి పోయిందన్నది అప్పుడు పట్టింపు కాదు. ఇంతగా పక్కవాడి కోసం వంగి వెతికే ఆట ఇంకొకటి ఉందా అంటే చెప్పడం కష్టం.

నేల ఇలా ఉంటే ఒళ్లు కూడా అలాగే ఉంటుంది. పెద్ద స్వింగ్ తొందరగానే తిరిగి వస్తుంది. వెనక్కి ఎత్తిన కర్ర కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది పావు సెకను మాత్రమే కాబట్టి అందులో ఆలోచనకు చోటు తక్కువ, అలవాటుకు చోటు ఎక్కువ. ఆలస్యంగా వచ్చేది గ్రీన్ చుట్టూ ఉండే సున్నితమైన ఆట: పది గజాల చిప్, బంకర్ నుంచి మెత్తగా తీయడం, పది అడుగుల పట్. బియ్యం కడిగి అత్తెసరు నీళ్లు కంటితోనే పోసే చేయి కొన్నాళ్లు వంటింటికి దూరమైతే ఎలా తడబడుతుందో అలాంటి తడబాటు అది. నలుగురు మిత్రుల మధ్య గిమ్మీ అనే అలవాటు ఒకటుంది. హోల్‌కు దగ్గరగా ఆగిన బంతిని పట్ చేయకుండానే పడినట్టు లెక్కవేయడం. జంటలుగా మ్యాచ్ ఆడుతున్నప్పుడు ప్రత్యర్థికి అలా వదిలేయడం నియమబద్ధమే. స్కోరు రాసుకునే ఆటలో కాదు. నియమం మాట అటుంచినా సీజన్ మొదటి ఆటలో గిమ్మీలు ఇవ్వకపోవడమే మేలు. పోయిన స్పర్శ తిరిగొచ్చేది ఆ రెండడుగుల పట్‌లలోనే.

నేలను నమ్మలేని, ఒంటిని నమ్మలేని ఈ ఆటలో మూడో లెక్క హ్యాండిక్యాప్. ఆ సూత్రం సైదాబాద్ వాళ్లకు గోల్ఫ్ కంటే ముందే తెలుసు. పక్కనే మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. ఆరో నిజాం కాలంలో 1886లో పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి. ఆ గుర్రాల సీజన్ గోల్ఫ్‌కు ఎదురు నడుస్తుంది. జులైలో వానలతో పాటే మొదలై, దక్కన్ డెర్బీ నాటికి చివరికొస్తుంది; మళ్లీ చలికాలం పందేలు వేరే. అక్కడ హ్యాండిక్యాప్ పందెంలో మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, నెమ్మది గుర్రం మీద తక్కువ బరువు వేస్తారు, అన్నీ ఒకేసారి గీత దాటే అవకాశం ఉండాలని. గోల్ఫ్ అదే పనిని అంకెలతో చేస్తుంది. పది హ్యాండిక్యాప్ ఉన్న ఆటగాడితో ఇరవై నాలుగు ఉన్నవాడు ఆడితే, రెండోవాడికి పద్నాలుగు స్ట్రోకులు (దెబ్బలు) మినహాయింపుగా వస్తాయి. అవి కోర్సులో అత్యంత కష్టమైన పద్నాలుగు హోల్స్‌లో ఒక్కోటి చొప్పున వాడుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఆడుతున్న అన్న, రెండేళ్ల క్రితం మొదలుపెట్టిన తమ్ముడు ఒకే పొద్దున నిజంగా పోటీపడి ఆడగల ఆటలు తక్కువ. స్నేహానికి ఈ లెక్క చేసిన మేలు చిన్నది కాదు.

అయితే ఆ అంకె ఎలా వస్తుందో చూడాలి. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం చివరి 20 స్కోర్లలో అత్యుత్తమమైన 8 తీసి సగటు కడతారు. అంటే హ్యాండిక్యాప్ సగటు ఆటను చెప్పదు, మంచి రోజుల ఆటను చెబుతుంది. అందుకే మామూలు రోజున చాలామంది తమ అంకె కంటే రెండు మూడు స్ట్రోకులు ఎక్కువే ఆడతారు. ఇక సీజన్ మొదటి ఆటలో ఆ ఎనిమిది మంచి రోజులు దాదాపు అన్నీ పోయిన శీతాకాలానివి: పొడి నేల, దొర్లే బంతి, వేగమైన గ్రీన్, వారం వారం ఆడిన చేయి. ఆ అంకెను తీసుకొచ్చి తడి నేల మీద నిలబెడతారు. మొదటి ఆటలో కలిగే నిరుత్సాహంలో పెద్ద పాలు ఈ లెక్కలోనే ఉంది. తాను దిగజారిపోయానని బాధపడే ఆటగాడికి ఈ సంగతి చెప్పాలి. నాలుగైదు ఆటలు గడిచేదాకా ఆ అంకె అతని గురించి ఏమీ చెప్పదు.

నేల, ఒళ్లు, అంకె మూడూ ఆ పొద్దున సరిగ్గా మాట ఇవ్వలేవు. మిగిలేది నలుగురి మాట. ఆట మొదలయ్యే మొదటి టీ దగ్గర నిలబడి వాళ్లు చేసుకునే ఒప్పందం అందుకే ముఖ్యం. ఫెయిర్‌వేలో పడిన బంతిని ఎత్తి, తుడిచి, దగ్గరలోనే మంచిచోట పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఎంత దూరంలో? కోర్సు స్థానిక నియమంగా ప్రకటించిన రోజు సరే. ప్రకటించని రోజు నలుగురూ కలిసి తలూపితే స్నేహపూర్వక ఆటలో అదే చట్టం, హ్యాండిక్యాప్ లెక్కలోకి ఆ స్కోరు పంపకుండా ఉన్నంత వరకు. ఒప్పందం ముందు జరగాలి. మూడో హోల్‌లో ఎవరి బంతో బురదలో పడ్డాక జరిగే ఒప్పందం స్నేహానికి మంచిది కాదు.

గోల్ఫ్‌లో చాలా ఆటలకు అంపైర్ ఉండడు. తప్పు జరిగితే చెప్పవలసింది చేసినవాడే. ఈ విషయంలో ఇటీవలి పెద్ద ఉదాహరణ ఒక తెలుగు కుటుంబం బిడ్డది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల, 2023 సెప్టెంబర్‌లో నాపాలో జరిగిన ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌లో తన మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. అంతకు ముందు ఏడాదే ఫీనిక్స్‌లో గెలుపు అంచున ఉన్నప్పుడు పదిహేడో హోల్‌లో బంతి తిరగబడి నీళ్లలోకి దొర్లింది. అవన్నీ ఆటలో భాగం. అసలు చెప్పుకోవలసింది 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో జరిగింది. బంకర్‌లో కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. అతనే అధికారులకు చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ తీసుకున్నాడు. మూడో స్థానంలో ముగించాడు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే రెండో స్థానం పంచుకునేవాడు. ఆ రెండు స్థానాల మధ్య తేడా లక్షల డాలర్లు. ఆదివారం పొద్దున గోల్కొండలో ఆడేవాళ్ల మధ్య పందెం ఒక్కపూట టిఫిన్ కావచ్చు. అయినా రఫ్‌లో ఒంటరిగా నిలబడ్డప్పుడు బంతి కదిలిందా లేదా అని చెప్పవలసిన క్షణం తీగలకూ వాళ్లకూ ఒకటే. మొదటి ఆటలో ఆ క్షణాలు ఎక్కువగా వస్తాయి, ఎందుకంటే నేలే అలా ఉంటుంది.

ఆ నేల గురించి అందరికంటే బాగా తెలిసినది కేడీకి. సభ్యులు ఇంట్లో ఉన్న వానాకాలమంతా కోర్సు ఎలా మారిందో అతను చూశాడు. ఏ ఫెయిర్‌వే కుడివైపు నీళ్లు నిలుస్తాయో, ఏ గ్రీన్ ముందు నేల మెత్తగా ఉందో చెప్పగలడు. భారతీయ గోల్ఫ్‌లో కేడీల నుంచి ఎదిగినవాళ్ల వరుస గొప్పది. ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో కేడీగా మొదలైనవాడు. 1991లోనూ 1993లోనూ గెలిచాడు. 2009లో అదే టైటిల్ గెలిచిన బెంగళూరు ముని­యప్ప కూడా కేడీయే. మొదటి ఆటకు వచ్చినవాళ్లు కేడీ మాటను సలహాగా కాక సమాచారంగా తీసుకుంటే చాలా షాట్లు మిగులుతాయి. వానల నెలల్లో ఆట తగ్గితే అతని రోజు సంపాదన కూడా తగ్గుతుందన్నది మరిచిపోకూడని సంగతి. సీజన్ మొదలవడం కోసం సభ్యులకంటే ఎక్కువ ఆత్రంగా ఎదురుచూసేది అతనే.

లెక్క ఎలా వేసుకోవాలన్న ప్రశ్నకు మొదటి ఆట వరకు స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతి బాగా నప్పుతుంది. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు ఆలోచించిన ఈ పద్ధతిలో 1932లో వాలసీ క్లబ్‌లో పోటీ జరిగింది. గాలి ఎక్కువగా ఉండే ఆ కోర్సులో ఒకటి రెండు హోల్స్ చెడిపోగానే ఆటగాళ్లు కార్డు చింపేయడం చూసి ఆయన దీన్ని తెచ్చాడంటారు. హ్యాండిక్యాప్ స్ట్రోకులు తీసేశాక పార్‌కు, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన స్ట్రోకులకు, 2 పాయింట్లు; ఒకటి ఎక్కువైన బోగీకి 1, ఒకటి తక్కువైన బర్డీకి 3. రెండు ఎక్కువైతే సున్నా. అక్కడితో బంతి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడవవచ్చు. తడి రఫ్‌లో ఒక హోల్‌కు తొమ్మిది పట్టినా నష్టం ఆ హోల్‌తోనే తీరిపోతుంది. నలుగురిలో ఎవరూ వెనకబడి మౌనంగా నడవనక్కర్లేదు. ఆట కూడా నాలుగున్నర గంటల్లో, ఎండ ముదరక ముందే పూర్తవుతుంది.

పద్దెనిమిదో గ్రీన్ దగ్గర కరచాలనాలయ్యాక కార్డులు మార్చుకుని, ఒక్కో హోల్ చదువుకుని, ఆడినవాడూ రాసినవాడూ సంతకాలు పెడతారు. నియమాల ప్రకారం ఆడి ఉంటే ఆ స్కోరును ఆ రోజే నమోదు చేయాలి. కొత్త స్కోరు చేరగానే ఇరవైలో అన్నిటికంటే పాతది జారిపోతుంది. జారిపోయినది ఆ మంచి ఎనిమిదిలో ఒకటై, కొత్తది అంత బాగా లేకపోతే హ్యాండిక్యాప్ కాస్త పెరుగుతుంది. పాతదీ కొత్తదీ రెండూ ఆ ఎనిమిదిలోకి రాకపోతే అంకె కదలదు. వచ్చే ఆదివారం స్ట్రోకులు పంచుకునేది ఆ అంకె ప్రకారమే.